అత్తయ్య తోటను పార్కు చేయడానికి పట్టిన పని

పాత ఎస్టేట్‌ను పార్కుగా ఇస్తాం, తీసుకోండి అని పురపాలక సంఘం ఆఫీసుకు వెళ్తే అక్కడి పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న: "గడ్డి ఎవరు కోస్తారమ్మా?" నాకు నవ్వొచ్చింది. ఆయన మాత్రం సీరియస్‌గానే అడిగారు. బంగళా గురించి, రాతి మెట్ల కొలను గురించి, గేటు నుంచి వరండా దాకా ఉన్న నిద్రగన్నేరు చెట్ల గురించి నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. విని, కాగితం మీద ఒక్క ముక్క రాసుకున్నారు. నిర్వహణ. తర్వాత తర్వాత తెలిసింది, అన్నిటికన్నా బరువైన మాట అదే.

ఆ ఇంట్లో చివరిదాకా ఉన్నది మా మేనత్త. ఆస్తి మాత్రం ఆవిడది, మా నాన్నది, బాబాయిది, ముగ్గురి ఉమ్మడి. ప్లాట్లు వేస్తామని బ్రోకర్లు తిరుగుతూనే ఉండేవారు. "నేను పోయాక మీరంతా కొట్టుకుని గోడలు పడగొడతారు. ఏదో ఒకటి నేనుండగానే తేల్చండే" అనేది అత్తయ్య. తేల్చే పని నా నెత్తిన పడింది. దస్తావేజులు చదివే అలవాటున్నది మా ఇంట్లో నాకొక్కదానికే మరి.

ముందు ఇంట్లోవాళ్లను ఒప్పించాలి. బాబాయికి అభ్యంతరం డబ్బు గురించి కాదు. "మన తాతలు కట్టింది ఊరికెందుకు?" అన్నది ఆయన బాధ. అప్పుడు నాకు పనికొచ్చినవి పాత కథలే. రోమ్‌లోని విల్లా బోర్గేసే తోటలు 17వ శతాబ్దం మొదట్లో ఒక కార్డినల్, అంటే క్యాథలిక్ మతపెద్ద, తనకోసం వేయించుకున్నవి. ఊళ్లోవాళ్లు తరతరాలుగా అందులో నడిచేవారు. ఒక దశలో ఆ వంశంవాళ్లు గేట్లు మూసేస్తే నగరపాలక సంస్థ కోర్టుకెళ్లింది. ఎప్పటినుంచో నడుస్తున్నారు కాబట్టి నడిచే హక్కు జనానికి ఉందని 1887లో తీర్పొచ్చింది. 1901లో ఇటలీ ప్రభుత్వం ఆ ఎస్టేట్‌నే కొనేసి, 1903లో తోటలను రోమ్ నగరానికి అప్పగించింది. లండన్‌లోని కెన్‌వుడ్‌ది ఇంకో దారి. ఆ స్థలాన్ని ఇళ్లకు విడగొట్టేస్తారన్న భయంతో స్థానికులు చందాలెత్తి కొంత నేల కొన్నారు. బంగళాతో సహా మిగిలింది 1925లో ఐవీ ప్రభువు కొన్నాడు. 1927లో చనిపోతూ ఇంటినీ, తన చిత్రాల సేకరణలో కొంత భాగాన్నీ జనానికి రాసిపోయాడు. "చూశావా బాబాయ్, ఆయన పేరు ఇప్పటికీ చెప్పుకుంటున్నారు" అన్నాను. బాబాయి మెత్తబడింది ఆ మాటకే. చట్టాలు, చార్టర్లు ఆయన మీద ఏమీ పనిచేయలేదు.

కాగితాల పనిలో నాకు అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది ఒక్క వాక్యం దగ్గర. అవతలి లాయరు పంపిన దానపత్రం ముసాయిదాలో "ప్రజా ప్రయోజనం నిమిత్తం" అని ఉంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ రోడ్డు వెడల్పు చేయడం కూడా ప్రజా ప్రయోజనమే. నీళ్ల ట్యాంకు, ఆఫీసు భవనం, బస్టాండు, అన్నీ అందులోకే వస్తాయి. ఇరవై ఏళ్ల తర్వాత ఎవరో ఒకరికి అక్కడ నాలుగంతస్తుల పార్కింగ్ కట్టాలనిపిస్తే ఆ పదం ఎవరికీ అడ్డుపడదు. నేను అభ్యంతరం చెప్తే ఆయన, "షరతులు పెడితే దానం ఎలా అవుతుందమ్మా?" అన్నారు. షరతులు లేకపోతే పార్కు ఎలా అవుతుందండీ అని నేను.

మాకు మూడు దారులు కనిపించాయి. ఒకటి అమ్మకం. రెండోది దానం. మూడోది, హక్కు మన దగ్గరే ఉంచుకుని ఈ నేల మీద కొత్త కట్టడాలు రాకూడదని శాశ్వత షరతు రిజిస్టర్ చేయడం. కొన్ని దేశాల్లో దీన్ని కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ అంటారు. నేల ఎవరి చేతికి మారినా షరతు దాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. మేం రెండోదాన్నీ మూడోదాన్నీ కలిపాం. నేలను ఒక ట్రస్టుకు దానంగా ఇచ్చాం, అందులో పురపాలక సంఘానికీ చోటిచ్చాం. షరతు తప్పితే నిలదీసే హక్కు మాత్రం ట్రస్టుతో సంబంధం లేని ఇంకో సంస్థ చేతికిచ్చాం. ఇలాంటి పనికి దిగేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే. దాత కోరిక ఎంత అందంగా రాసినా, దాన్ని అమలు చేయమని అడిగే హక్కు ఎవరికుందో పేరు పెట్టి రాయకపోతే అది వట్టి కోరికే. ఇంగ్లండ్‌లో పాత ఇళ్లనూ నేలనూ జనం కోసం కాపాడే నేషనల్ ట్రస్టు 1895లో పుట్టినా, తన నేలను ఎవరూ అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి వీల్లేదని ప్రకటించుకునే అధికారం దానికి 1907 చట్టంతోనే వచ్చింది.

ఉద్దేశం ఏమిటో కూడా విడమరిచి రాశాం. ధర్మసంస్థ ఆశయం నెరవేరే వీలు లేకపోతే, ఇంగ్లిష్ న్యాయ సంప్రదాయం నడిచే చోట్ల కోర్టులు దాత ఉద్దేశానికి వీలైనంత దగ్గరగా ఉన్న ఇంకో ఉపయోగానికి ఆస్తిని మళ్లిస్తాయి. ఆ ఉద్దేశమే పత్రంలో గజిబిజిగా ఉంటే జడ్జి మాత్రం దేనికి దగ్గరగా మళ్లిస్తాడు? చెట్ల బాట, కొలను, వరండా నుంచి కొలను కనిపించే దారి, ఈ మూడింటినీ మార్చకూడదని విడివిడిగా రాశాం. మరుగుదొడ్లు, తాగునీళ్లు, సామాన్ల షెడ్డు ఎక్కడ కట్టుకోవచ్చో ప్లాను మీద గీత గీసి చూపించాం. అన్నీ వద్దంటే పార్కు నడవదు.

సరిహద్దుల సంగతి సర్వేలో తేలిపోయింది, ఒక్క చోట తప్ప. వెనక గోడ పక్కన ఒక కాలిబాట ఉంది. బడి పిల్లలు దాని మీదుగా ఎప్పటినుంచో వెళ్తున్నారు. తమ స్థలంలో జనానికి దారి హక్కు రాకూడదనుకునే యజమానులు ఏడాదికి ఒక్కరోజైనా గేటు మూసే పద్ధతి కొన్ని దేశాల్లో ఉంది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ప్లాజా వీధి దీనికి పేరు మోసిన ఉదాహరణ. మా అత్తయ్య ఆ గేటు ఎప్పుడూ మూయలేదు. ఎందుకు మూయలేదని సర్వేయరు అడిగితే, "పిల్లలు చుట్టూ తిరిగి పోవాలా ఏమిటి?" అంది. ఆ బాట కూడా పత్రంలోకి ఎక్కింది.

కాగితాలు ఒక కొలిక్కి వచ్చాక అసలు చర్చ మొదలైంది. ఏ కాలంనాటి తోటను కాపాడాలి? ఇల్లు కట్టినప్పుడు ఉన్నవి చెట్ల బాట, కొలను మాత్రమే. తాతయ్య కాలంలో గులాబీ మడులు వచ్చాయి. నాన్నవాళ్ల చిన్నప్పుడు మడులు తీసేసి టెన్నిస్ కోర్టు వేశారు. ఆ తర్వాత అంతా పొదలు. మేం పిలిపించిన పరిరక్షణ ఆర్కిటెక్టు ఫ్లోరెన్స్ చార్టర్ కాపీ చేతికిచ్చింది. చారిత్రక తోటల కోసం 1981లో ఫ్లోరెన్స్‌లో తయారైన పత్రం అది. 1982 డిసెంబరులో స్మారకాల పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐకోమోస్ దాన్ని నమోదు చేసుకుంది. తోటను అది సజీవ స్మారకం అంటుంది. ముఖ్యంగా మొక్కలతో ఏర్పడింది కాబట్టి నశించేదీ, మళ్లీ మొలిచేదీ అంటుంది. ఒక కాలాన్ని నెత్తికెత్తుకుని మిగతావి తుడిచేయకూడదని అందులో 16వ అధికరణం. నాకు అది చదవగానే ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే నాన్న టెన్నిస్ కోర్టు ఉండాలనీ, అత్తయ్య గులాబీలు రావాలనీ పంతానికి కూర్చున్నారు.

ఆర్కిటెక్టు చేసిన పని సింపుల్. పాత ఆల్బమ్‌లోని ఫొటోలు తీసుకుని, ఏ చోట నిలబడి తీశారో వెతికి, అక్కడే నిలబడి మళ్లీ తీసింది. రెండిటినీ ఫోన్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టి జరిపితే పాతదీ కొత్తదీ కనిపిస్తాయి. 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో హంఫ్రీ రెప్టన్ అనే తోటల రూపశిల్పి ఎస్టేట్ యజమానులకు ఎర్ర తోలు అట్టల పుస్తకాలు చేసిచ్చేవాడట. బొమ్మ మీద అతికించిన కాగితం ముక్కను ఎత్తితే, తోట మారాక ఎలా ఉంటుందో కింద కనిపించేది. మాకు కాగితం ఎత్తితే కనిపించింది తిరగేసిన కథ. వరండాలో నిలబడితే ఒకప్పుడు కొలను మొత్తం కనిపించేది. ఎవరూ నాటకుండా మొలిచిన పొదలు ఆ చూపును పూర్తిగా మూసేశాయి. ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు, అత్తయ్యకు కూడా. ఆ పొదలు కొట్టాక గులాబీల గొడవ, టెన్నిస్ గొడవ రెండూ వాటంతటవే చిన్నబోయాయి. కోర్టు ఇప్పుడు కూర్చునే పచ్చిక. దాని అంచున ఒక వరస గులాబీలు. ఇద్దరూ ఓడిపోయామనే అంటారు.

ఇక చెట్లు. నాకు తెలిసినంతలో ప్రైవేటు ఎస్టేట్‌ను పార్కు చేయడంలో అసలు కష్టమంతా ఇక్కడే. ఆ చెట్ల కింద ఇన్నాళ్లూ నడిచింది ఒక కుటుంబం, తోటమాలి తాత, నాలుగు కుక్కలు. రేపటి నుంచి వందల మంది నడుస్తారు. చెట్టు వేళ్లు పైన కొమ్మలున్నంత లోతుకు దిగి ఉంటాయని చాలామంది అనుకుంటారు. నీళ్లు, గాలి తీసుకునే సన్న వేళ్లలో ఎక్కువ భాగం పైనున్న అరవై సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి, కొమ్మల నీడ దాటి బయటికీ పాకుతాయి. జనం తొక్కేకొద్దీ మట్టి రేణువుల మధ్య ఖాళీలు మూసుకుపోతాయి. గాలి ఆడదు, వాన నీళ్లు ఇంకకుండా పక్కకి జారిపోతాయి. తడినేల మీద తొక్కిడి ఇంకా చెడ్డది. చెట్టు వెంటనే చచ్చిపోదు. కొన్నేళ్లకి పైకొమ్మలు ఎండటం మొదలవుతుంది. అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

చెట్ల నిపుణుడు వచ్చి ప్రతి చెట్టుకీ ఒక నంబరు బిళ్ల కట్టాడు. ఆయన దగ్గర యంత్రాలున్నాయి కానీ మొదట తీసింది చెక్క సుత్తి. మాను చుట్టూ తిరుగుతూ దానితో కొడుతూ, చెవి మానుకు దగ్గరగా పెట్టి వింటూ వెళ్లాడు. గట్టి చెక్క టంగుమంటుంది. లోపల డొల్ల ఉంటే డప్పులా మోగుతుంది. గేటు నుంచి మూడో చెట్టు దగ్గర చప్పుడు మారింది. చెట్టు మొదలు దగ్గర పుట్టగొడుగు లాంటి గట్టి బూజు ఒకటి అరచేతంత పెరిగి ఉంది. అప్పుడు సన్న సూది లాంటి డ్రిల్లు లోపలికి పంపి, అది దిగేటప్పుడు ఎంత ఎదురు వస్తోందో గ్రాఫు తీశాడు. గీత కొంత దూరం ఎత్తుగా వెళ్లి, టక్కున పడిపోయింది. మధ్యలో చెక్క లేదు.

కొట్టేయాలేమోనని నేను భయపడుతుంటే తోటమాలి తాత ఊరుకోలేదు. "అమ్మాయిగారూ, అది మీ నాన్నగారు పుట్టకముందు నుంచీ డొల్లే. గుడ్లగూబ ఉంటుంది దాంట్లో" అన్నాడు. నిపుణుడు ఆయన మాట కొట్టిపారేయలేదు, అది నాకు నచ్చింది. చుట్టూ ఉన్న గట్టి చెక్క మందం సరిపోతే డొల్ల చెట్టు కూడా నిలబడుతుందన్నాడు. ఆయన లెక్కలో ప్రమాదమంటే కొమ్మ విరగడం ఒక్కటే కాదు, విరిగినప్పుడు కింద ఎవరుంటారన్నది కూడా. ప్లానులో ఒక బెంచీ సరిగ్గా ఆ చెట్టు కిందే ఉంది. చెట్టును కొట్టేకన్నా బెంచీని జరపడం చౌక. బెంచీ జరిపాం, ఒక బరువు కొమ్మ తగ్గించాం, కింద ఆకులూ చెక్కపొట్టూ కలిపిన పొర పరిచాం. ఆ పొర మానుకు తగలకుండా కాస్త దూరంగా వేయాలి. మానును ఆనించి కుప్ప పోస్తే బెరడు కుళ్లుతుంది. పొరతో ఇంకో లాభం ఏమిటంటే, మెత్తమెత్తగా ఉన్న చోట జనం నడవరు. "చెట్ల కింద నడవరాదు" అని బోర్డు పెట్టే అవసరం రాలేదు. నాకు బోర్డులంటే చిరాకు.

ఇంటి గురించి క్లుప్తంగా చెప్తాను. మధ్యలో ఎప్పుడో ఎవరో మంచి చేస్తున్నామనుకుని సున్నపు గోడల మీద సిమెంటు పూసి పెట్టారు. సున్నం గోడ చెమ్మను పీల్చుకుని మళ్లీ వదులుతుంది. సిమెంటు పూత ఆ చెమ్మను లోపలే పట్టి ఉంచి ఇటుకలను పొడి చేస్తుంది. పూత చెక్కించి మళ్లీ సున్నం వేయించేసరికి ఉన్న డబ్బంతా అక్కడికే పోయింది. కాబట్టి ఇల్లు మూసి ఉంచి, గాలాడే ఏర్పాటు మాత్రం చేసి, ముందు తోటను తెరిచాం. అన్నీ సిద్ధమయ్యాకే తెరుద్దామంటే మేం ఇంకా అక్కడే ఉండేవాళ్లం.

డబ్బు. మళ్లీ ఆ గడ్డి ప్రశ్నకే వచ్చాను. 1840లో జోసెఫ్ స్ట్రట్ అనే వ్యాపారి ఇంగ్లండ్‌లోని డర్బీ పట్టణానికి అర్బోరీటమ్, అంటే రకరకాల చెట్ల తోట, దానం చేశాడు. నేలతో పాటు నిర్వహణకు మూలధనం ఇవ్వకపోవడంతో, వారంలో రెండు రోజులే ఉచితంగా ఉంచి మిగతా రోజుల్లో టికెట్టు పెట్టారు. నేషనల్ ట్రస్టువాళ్లయితే ఒక ఎస్టేట్ తీసుకునే ముందు దాని భవిష్యత్ ఖర్చులు, రాబడి లెక్కవేసి, లోటుకు సరిపడా నిధి అడుగుతారు. దానికి చోర్లీ ఫార్ములా అని పేరు కూడా ఉంది. ఇవి చదివాక పురపాలక సంఘం పెద్దాయన మీద నాకు గౌరవం పెరిగింది. అత్తయ్య, నాన్న, బాబాయి వాటాల్లో రోడ్డు వైపున్న ఒక ముక్క, పాత తోటకు సంబంధం లేనిది, అమ్మి నిధి పెట్టాం. వడ్డీ జీతాలకే. మరమ్మతులకు ముట్టుకోకూడదని పత్రంలో రాశాం. ఎందుకంటే గోడ కూలితే చందా ఇచ్చేవాళ్లు దొరుకుతారు. తోటమాలి జీతానికి ఎవరూ ఇవ్వరు.

జనంతో పెట్టిన సమావేశం రసాభాస అయింది. అయితేనేం, అక్కడ తేలిన విషయాలు ఏ నివేదికలోనూ లేవు. పక్కిళ్లవాళ్లకు రాత్రి చప్పుడు భయం. వాకింగ్‌వాళ్లకు తెల్లవారకముందే గేటు తీయాలి. కుర్రాళ్లకు ఆడుకునే స్థలం కావాలి. ఒకావిడ లేచి, "లైట్లు లేని చోటికి ఆడపిల్లల్ని ఎలా పంపిస్తాం?" అంది. ఆ ప్రశ్నకు సభ నిశ్శబ్దమైపోయింది. అంతకుముందు మేం గబ్బిలాలు, గుడ్లగూబల కోసం లైట్లే వద్దనుకుంటున్నాం. చివరికి ప్రధాన బాటకు మోకాలి ఎత్తులో, వెలుగు కిందికే పడే లైట్లు వేసి, చీకటి పడ్డాక ఆ బాట తప్ప మిగతా తోట మూసేలా ఒప్పందం కుదిరింది. రోడ్డు వైపు గోడను సగానికి దించి పైన ఇనుప కమ్మీలు పెట్టించాం, లోపల ఏం జరుగుతోందో బయటికి కనబడేలా. ఆ గోడ దించేటప్పుడు మాత్రం అత్తయ్య ఇంట్లోంచి బయటికి రాలేదు.

బాటలకు ఒక్కసారిగా రాళ్లు పరవలేదు. చెట్ల బాట ఎలాగూ ఉంది. మిగతాచోట్ల గడ్డి ఉంచి, ఒక వానాకాలం గడిచేదాకా జనం ఎటు నడుస్తారో చూశాం. ప్లానులో మేం అందంగా వంపు తిప్పిన చోట అందరూ అడ్డంగా కోసుకుపోయారు. గడ్డి చచ్చిన గీత మీదే రాళ్లు పరిచాం, ఒక చోట తప్ప. అక్కడ గీత నిద్రగన్నేరు వేళ్ల మీదుగా పోయింది. అందుకని అడ్డంగా ఒక పొద నాటి జనాన్ని పక్కకు తిప్పాం.

ఈ మధ్య ట్రస్టు కమిటీకి ఓపెన్ జిమ్ పెట్టమని అర్జీ వచ్చింది. సంతకాలు బాగానే ఉన్నాయి. అడిగిన చోటు కొలనుకు ఎదురుగా, సరిగ్గా వరండా చూపులో. దానపత్రం తీసి ఆ పేరా చదివి వినిపించాను. ఆశ్చర్యమేమిటంటే, అత్తయ్య అర్జీదారుల పక్షం. "ఊరికి ఇచ్చాక ఊరడిగింది చేయాలిగా. నీ పేరా నువ్వే పెట్టుకో" అంది. పాత కారు షెడ్డు పక్కన, ప్లాను మీద కట్టుకోవచ్చని గీత గీసిన భాగంలో, జిమ్‌కు చోటిచ్చాం. సామాను వచ్చింది. ముదురు పసుపు, ఎరుపు రంగులు. ఇప్పుడు ఆ రంగుల మీద ఫిర్యాదు రాసి పంపింది అత్తయ్యే. వచ్చే సమావేశం అజెండాలో అది రెండో అంశం. మొదటిది గడ్డి కోసే మిషను మరమ్మతు.